హంగుల్ లిపి: ప్రథమపాఠము, వర్ణక్రమవివాదము

కొరియా దేశమును జోసన్ వంశమువారు పాలించుచున్న కాలమున, ఆ వంశమునందు నాల్గవ రాజగు సేజోంగు క్రీ. శ. 1443వ సంవత్సరపుఁ గడపటి చాంద్రమాసమున 28 అక్షరములుగల యొక నూతనలిపిని నిర్మించెను. 1446లో దానిని గ్రంథముఖమునఁ బ్రకటించెను. ఆ గ్రంథమునకు ‘హున్మిన్ జొంగుమ్’ అని పేరు. ప్రజలకు నేర్పవలసిన సరియైన ధ్వనులని దాని యర్థము. నేఁడు హంగుల్ అని వ్యవహరింపఁబడు లిపి యిదియే. గ్రంథము తుదిని విజ్ఞప్తి వ్రాసిన జొంగ్ ఇంజి యను పండితుఁడు, తెలివిగలవానికి దీనిని నేర్చుటకు నొకపూఁట చాలుననియు, మందబుద్ధికి సైతము పదిదినములకు మించి పట్టదనియుఁ జెప్పియున్నాఁడు. రాజు చేసిన పనిని ఆస్థానపండితుఁడు పొగడుట లోకసామాన్యము గావున నిది యతిశయోక్తి యని తోఁపవచ్చును. కాని యక్షరముల వఱకు నీ మాట ఉన్నది యున్నట్టు చెప్పినదే. ఒకనాఁటి ప్రొద్దున నారంభించి సాయంకాలమునకు నక్షరములన్నియు గుర్తించుట యెవ్వరికైన సాధ్యము. మఱునాఁడు మొదటి కుశలప్రశ్నవాక్యమును చదువఁబూనినపుడే చిక్కు మొదలగును. ఆ చిక్కు అక్షరములది కాదు, వర్ణక్రమముది. దానివెనుక నైదువందల సంవత్సరముల వివాదము కలదు.

లిపియే యెఱుఁగని దేశమున నీ లిపి పుట్టినదని తలఁపరాదు. అప్పటి కనేకశతాబ్దములుగాఁ గొరియాపండితులు చీనాలిపిలో చీనాభాషనే వ్రాయుచుండిరి. ఆ రెండు భాషల నిర్మాణమునందును పోలిక లేదు. చీనావాక్యమునఁ గ్రియ కర్మకు ముందుండును. కొరియావాక్యమునఁ దెలుఁగునందువలెనే క్రియ తుదిని నిలుచును. నామములకు విభక్తిప్రత్యయములును, ధాతువులకుఁ గాలమును గౌరవమును దెలుపు ప్రత్యయములును వరుసగాఁ జేరుచుండును. ఈ ప్రత్యయములను వ్రాయుటకై కొన్ని చీనాక్షరములను అర్థమును బట్టియుఁ గొన్నింటిని ధ్వనిని బట్టియు వాడెడి ‘ఇదు’ అను పద్ధతి యుండెను. అది కచేరీలలోని వ్రాయసగాండ్రకే కష్టముతోఁ బట్టువడునట్టిది. సామాన్యుఁడు తన మనసులోని మాటను వ్రాసి తెలుపుకొనలేకున్నాఁడని జాలిపడి తా నీ యక్షరములఁ గల్పించితినని రాజు పీఠికలోఁ జెప్పుకొనియున్నాఁడు.

దీని నెదిరించినవారు పామరులు కారు. రాజు స్వయముగాఁ బోషించిన విద్వత్సభలోని పెద్దలే 1444లో నొక విజ్ఞాపనపత్రమును సమర్పించిరి. వారికి ముఖ్యుఁడు ఛ్వే మాల్లి. స్వంతలిపులు గలవారు మంగోలులు, టిబెటీయులు, జపానీయులు మొదలగువారే యనియు, నాగరకమగు చీనామార్గమును విడిచి కొరియా వారి వరుసఁ జేరుట తగదనియు నతని వాదము. ఇంత సులభమైన లిపి చేతికి వచ్చినచోఁ బెద్దల గ్రంథములఁ జదువు శ్రమ నెవ్వరు పడుదురని మఱియొక వాదము. అపరాధుల వాఙ్మూలములు దేశభాషలో వ్రాయఁబడిన నన్యాయము తగ్గునను రాజపక్షమునకు, న్యాయాన్యాయములు విచారించు నధికారిని బట్టి యుండును గాని లిపిని బట్టి యుండవని యతఁడు ప్రత్యుత్తర మిచ్చెను. ఈ కడపటి మాటలోఁ గొంత సత్యము లేకపోలేదు. రాజు వారిని ధ్వనిశాస్త్రమున మీకెంత తెలియునని గద్దించి, చెఱసాల కంపి, మఱునాఁడే విడిపించెను. ఈ ప్రతివాది పేరునందే యొక విశేష మున్నది. వ్రాఁతలో నది ‘మాన్’, ‘రి’ అను రెండక్షరములు; పలుకుబడిలో సంధి జరిగి ‘మాల్లి’ యగును. ఈ సంధివిషయ మిఁకముందు ప్రధానము కానున్నది.

ప్రథమపాఠమున విద్యార్థి నేర్చుకొనవలసిన మూలహల్లు లైదు. ఒక యడ్డగీఁత గీచి దాని కుడికొననుండి నిలువుగీఁత దింపిన నది కకారము. నాలుకమొదలు పైకి లేచి కంఠమును మూయుతీరును జూపును. నిలువుగీఁత గీచి దాని యడుగునుండి కుడికి నడ్డగీఁత సాగించిన నది నకారము. నాలుకకొన పైచిగురు నంటు తీరును జూపును. చదరము మకారము, అది నోటియాకారము. గుడిసెకప్పువలె రెండు వాలుగీఁతలు చేరిన సకారము, అది దంతము. వలయము కంఠము. తక్కిన హల్లులు వీనికి గీఁతలు చేర్చుటచే నేర్పడినవి. నకారమునకుఁ బైగీఁత చేర్చిన తకారము, మఱియొకటి చేర్చిన థకారము. కకారమునకు లోపల నొకగీఁత చేర్చిన ఖకారము. ధ్వని బలపడినకొలఁది గీఁత పెరుగును. తెలుఁగువారి కిది క్రొత్తగాఁ దోఁపరాదు. ద-ధ, డ-ఢ, చ-ఛ, ప-ఫ జంటలలో మహాప్రాణమునకు గుర్తు అడుగున నుంచు చిన్నగీఁతయే కదా. కాని తెలుఁగున నిది కొన్ని జంటలకే పరిమితము. క-ఖలకును గ-ఘలకును నట్టి పోలిక లేదు. సేజోంగు లిపియం దదియే మూలసూత్రము. ధ్వనుల సంబంధమును రూపముల సంబంధముచేఁ జూపుట యనెడి యీ పద్ధతి ప్రపంచలిపులలో మిక్కిలి యరుదు.

అచ్చులకు మూలరూపములు మూఁడు: ఆకాశమునకు బిందువు, భూమికి నడ్డగీఁత, మనుష్యునకు నిలువుగీఁత. తక్కిన యచ్చులు వీని కలయికలే. ఇక్కడ శరీరశాస్త్రము విడిచి తత్త్వశాస్త్ర మందుకొన్నారు. హల్లుల విషయమునఁ గనఁబడు నిశితత్వ మిందుఁ గానరాదు గాని, జ్ఞాపకముంచుకొనుట కిదియు సులభమే.

ఈ రూపముల మూలమును గూర్చి పూర్వము కొరియాలోనే పలు వాదములు చెలరేఁగెను. 15వ శతాబ్దివాఁడగు సొంగ్ హ్యొన్ ఈ యక్షరముల రూపము సంస్కృతలిపి ననుసరించిన దనెను. 1614లోఁ గూర్చిన తన గ్రంథమున యి సుగ్వాంగు సయిత మట్లే వ్రాసెను. తలుపుల జాలకములఁ జూచి చేసిరని చెప్పినవారును గలరు. వివరణసహితమగు మూలగ్రంథప్రతి 1940లో ఆందొంగు ప్రాంతమున బయలుపడఁగా, ప్రాచీనవస్తుసంగ్రాహకుఁడగు జొన్ హ్యొంగ్‌పిల్ దానిని గొని కాపాడెను. అందు నాలుక, నోరు, దంతము, కంఠము అను వివరణ స్పష్టముగా నుండుటచే మూలరూపముల విషయమున వెనుకటి యూహలు చాలవఱకు సడలిపోయినవి. ఆ ప్రతికి మొదటి రెండు పత్రములు లోపింపఁగాఁ దరువాత వ్రాసి చేర్చిరి. చేర్చునపుడు రాజు పీఠికలోని కడపటి చీనాక్షరమునకు బదులు మఱియొకటి పడినది. లేఖకదోషములు వ్రాఁతప్రతులలోఁ గలుగుట పండితు లెఱుంగనిది కాదు. 1997లో నీ ప్రతి యునెస్కోవారి ప్రపంచస్మృతిపట్టికయందుఁ జేర్పఁబడినది.

సంస్కృతమూలవాదము పూర్తిగా నిరాధారమనియుఁ జెప్పరాదు. హల్లులను కంఠ్య, దంత్య, ఓష్ఠ్యాది వర్గములుగా విభజించు క్రమము సేజోంగునకుఁ జీనాదేశపు ధ్వనిశాస్త్రమునుండి వచ్చినది. ఆ శాస్త్రము బౌద్ధభిక్షువులు తెచ్చిన సంస్కృతవర్ణసమామ్నాయపుఁ బ్రభావమునఁ బెరిగినది. ఇంతియకాక, కుబ్లాయ్ ఖానుని యాజ్ఞపైఁ టిబెటు గురువగు ఫగ్స్‌ప నిర్మించి 1269లోఁ బ్రకటింపించిన లిపినుండి కొన్ని హల్లుల రూపములు గ్రహింపఁబడెనని గారీ లెడ్యార్డు అను నమెరికా పండితుఁడు వాదించెను. ఫగ్స్‌ప లిపి టిబెటులిపినుండియు, నది భారతీయలిపినుండియుఁ బుట్టినవి. రూపముల విషయమున నీ వాదము సర్వసమ్మతము కాదు. వర్గక్రమపు ఋణము మాత్ర మెవ్వరును కాదనునది కాదు.

అక్షరములు నేర్చిన పిమ్మట వానిని గూర్చుట. కొరియావారు హల్లును అచ్చును వరుసగాఁ బేర్చక, యొక్కొక్క పలుకును నొక చదరపుగదిలో నమర్తురు. పలుకుతుది నున్న హల్లు క్రిందికి దిగును. దానిని ‘బట్చిమ్’ అందురు. అనఁగా నడుగుననుండు నూఁత. తెలుఁగువిద్యార్థి యిక్కడఁ గొంత జాగ్రత్త వహింపవలెను. తెలుఁగున నడుగునకుఁ జేరు వత్తు పైహల్లుతోఁ గూడి ముందుకు సాగి, తరువాతి యచ్చును గ్రహించును. కొరియా బట్చిమ్ పొల్లువలెఁ బలుకును మూయును. పూర్వము కొరియా బాలురు నేర్చిన పట్టిక మన గుణింతమునకు నచ్చమైన సోదరి: క, క్య మొదలుగా నొక్కొక్క హల్లునకు నచ్చులన్నియుఁ జేర్చి వల్లించుట. 1926లో నీ లిపికి మొదటిసారి యుత్సవము జరిపినపుడు ఆ దినమునకు నీ గుణింతపుఁ బేరే, ‘గాగ్యా దినము’ అని, పెట్టిరి. 1928లో నది హంగుల్ దినమయ్యెను.

అక్షరములకుఁ బేళ్లు చెప్పిన గ్రంథము 1527లో ఛ్వే సేజిన్ బాలురకుఁ జీనాక్షరములు నేర్పుటకై రచించిన ‘హున్మోంగ్ జహ్వే’. నకారమునకు ‘నియున్’, మకారమునకు ‘మియుమ్’ అని, హల్లు మొదట నొకమాఱు, తుద నొకమాఱు వినఁబడునట్లు పేళ్లు నిర్ణయించెను. ఇది మంచి సూత్రము. కాని యతఁ డా పేళ్లను జీనాక్షరములతో వ్రాయవలసి వచ్చెను. ‘ఉక్’, ‘ఉత్’, ‘ఉస్’ అను తుదిపలుకులకుఁ జీనాక్షరములు దొరకలేదు. మొదటిదానికి దగ్గఱిధ్వనిగల యక్షరమును, తక్కిన రెంటికి నర్థముచేఁ గొరియామాట స్ఫురించు నక్షరములను వాడెను. అందుచేఁ గకారము ‘గియొక్’, తకారము ‘దిగుత్’, సకారము ‘సియొత్’ అయి వంకరపోయినవి. ఏ లిపి భారమును దప్పించుటకు హంగుల్ పుట్టెనో, ఆ లిపిలోని కొఱతయే దాని యక్షరముల పేళ్లను వంకరపుచ్చినది. ఉత్తరకొరియావారు వీనిని సవరించి సూత్రబద్ధముగాఁ జేసికొనిరి. దక్షిణమువారు పాతపేళ్లనే పలుకుచున్నారు.

ఇఁక మొదటి కుశలప్రశ్న. పెద్దలను గాంచినపుడు ‘అన్న్యొంగ్ హసిమ్నిక్కా’ అందురు. అన్న్యొంగ్ అనఁగా క్షేమము. ఇది చీనాభాషనుండి వచ్చిన తత్సమము. మన నమస్కారశబ్దమువలెనే దేశ్యము కాదు. ‘హ’ ధాతువు, ‘సి’ గౌరవప్రత్యయము, తక్కినది ప్రశ్నార్థకమగు క్రియాంతము. మీరు క్షేమముగా నున్నారా యని భావము. ఈడువారితోను బిన్నలతోను ‘అన్న్యొంగ్’ అన్నఁ జాలును. నడిమితరగతి మర్యాదకు ‘అన్న్యొంగ్ హసేయొ’. తెలుఁగున గౌరవము మీరు అను సర్వనామముచేతను బహువచనక్రియచేతను దెలియును. కొరియాలో ధాతువునకుఁ బ్రత్యయమునకు నడుమఁ జొప్పింపఁబడు ‘సి’ చేతఁ దెలియును. వీడ్కోలు వాక్యములు రెండు. ఉండిపోవువారు పోవువారితో ‘అన్న్యొంగ్‌హి గసిప్సియొ’, క్షేమముగాఁ బొండనియు, పోవువారు ఉండువారితో ‘అన్న్యొంగ్‌హి గ్యేసిప్సియొ’, క్షేమముగా నుండుఁడనియుఁ జెప్పుదురు. ఈ రెండవదానియందలి క్రియ ఉండుటకు గౌరవరూపము. వచ్చుటకు మనవారు వేంచేయుట యన్నట్లు వేఱుధాతువే. కృతజ్ఞత తెలుపుటకు ‘గమ్సాహమ్నిదా’ తత్సమము, ‘గోమప్సుమ్నిదా’ దేశ్యము.

ఈ చిన్నవాక్యములలో లిపి మర్మములన్నియు నిమిడియున్నవి. అన్న్యొంగ్ అను మాట వ్రాఁతలో వలయముతో మొదలై వలయముతో ముగియును. పలుకుమొదటి వలయమునకు ధ్వని లేదు. అచ్చునకుఁ బీఠము మాత్రము. పలుకుతుది వలయము ఙకారము. ఒకదానికి సున్నయను పేరు సార్థకము. రెండవది మన కవర్గమునకు ముందుండు సున్న చేయు పనియే చేయును. 15వ శతాబ్దియం దివి వేర్వేఱక్షరములు, కాలక్రమమున నేకరూపములైనవి. 28 అక్షరములలో నాలుగు లోపించి నేఁడు 24 నిలుచుట కిది యొక కారణము. ‘గమ్సాహమ్నిదా’ తుది ‘ద’ వ్రాఁతలోఁ దకారమే. అచ్చుల నడుమఁ బడుటచే సరళముగా వినఁబడును. మన వ్యాకరణమునఁ బరుషములు సరళములగునని సూత్రము చెప్పి, సరళమునే వ్రాయుదుము. వారు పరుషమును వ్రాసి సరళముగాఁ జదువుదురు.

అసలు చిక్కు ‘హసిమ్నిక్కా’ యందలి మకారము. పుస్తకమునఁ జూచినచో నచ్చట మకారము లేదు, పకారము కలదు. వ్రాఁత ‘హసిప్’, ‘నిక్కా’. తరువాతి నకారముచేఁ బకారము అనునాసికమయ్యెను. జగత్, నాథుఁడు కలిసి జగన్నాథుఁడైనట్లే. మనము సంధి చేసి వ్రాసి, విద్యార్థిచేఁ బదవిభాగము చేయింతుము. కొరియావారు విడఁదీసి వ్రాసి, విద్యార్థిచే సంధి చేయింతురు. పుష్పవాచకమగు ‘క్కొచ్’ శబ్దమును జూచినఁ జాలును. తుదిహల్లుగా నది ‘క్కొత్’ అనియు, ప్రథమావిభక్తి చేరిన ‘క్కొచి’ అనియు, మాత్రము అను నర్థమిచ్చు ‘మన్’ చేరిన ‘క్కొన్మన్’ అనియు వినఁబడును. వ్రాఁతలో మూఁడుచోట్లను ఛకారమే. ఒకపూఁటలో నక్షరములు నేర్చినవాఁడు, చెవి కెన్నఁడును వినఁబడని యక్షరమును వ్రాయుటకు శబ్దముయొక్క మూలరూపము నెఱుఁగవలెను. జొంగ్ ఇంజి పండితుని పదిదినములలో నిది లేదు.

అతని కాలమునందే యీ సమస్య యున్నది. మూలగ్రంథమునందలి వివరణమే తుదిహల్లులకు నెనిమిది యక్షరములు చాలునని చెప్పి, పుష్పశబ్దమునే యుదాహరించి, తుది నేధ్వని మూలమైనను సకారముతో వ్రాయవచ్చునని సెలవిచ్చినది. కాని రాజు మనసు వేఱు. 1447 ప్రాంతమున నీ లిపిలో బుద్ధచరిత్రములు రెండు పుట్టినవి. ఒకటి రాజకుమారుఁడు సుయాంగు తల్లి యాత్మశాంతికై కూర్చిన వచనగ్రంథము ‘సొక్బో సాంగ్జొల్’. రెండవది రాజే రచించిన గేయసంపుటము ‘వొరిన్ చొన్‌గాంగ్ జిగొక్’. కొడుకు పుస్తకమున శబ్దములు చెవికి వినఁబడినట్లు వ్రాయఁబడినవి. తండ్రి పుస్తకమున మూలరూపముతో వ్రాయఁబడినవి. శాక్యముని కథనే చెప్పుచు, ఒకేయింటిలో, ఒకేకాలమున రెండు వర్ణక్రమములు నడచెను. తరువాత నాలుగు శతాబ్దముల కొడుకు పద్ధతియే నెగ్గినది. అది సులభము, వినినట్లు వ్రాయుటకు వ్యాకరణ మక్కఱలేదు.

ఆ నాలుగు శతాబ్దముల చరిత్రము సంగ్రహముగాఁ జెప్పినఁ జాలును. 1504లో యొన్సాన్ రాజు తన్ను నిందించు కాగితములు దేశలిపిలో నెవ్వరో యంటించుటచే, దానిని నేర్పుటను నేర్చుటను నిషేధించెను. నిషేధము నిలువలేదు. రాణులు, గృహిణులు, కథకులు, భిక్షువులు ఆ లిపిని బ్రతికించిరి. దొరతనపు వ్యవహారము చీనాభాషలోనే సాగెను. 1894లో శాసనములకు దేశలిపి మూలముగా నుండవలెనని రాజాజ్ఞ వెలువడెను. 1896లోఁ బుట్టిన ‘దొంగ్నిప్ సిన్మున్’ అను పత్రిక చీనాక్షరములు లేక, మాటకు మాటకు నడుమ నెడమిచ్చి, హంగుల్‌లో నచ్చయ్యెను. అందు బనిచేసిన జూ సీగ్యోంగు అను యువకుఁడే సేజోంగుని పక్షమును మరల నెత్తినవాఁడు. హల్లులన్నియుఁ దుదిని నిలుపవలెను, శబ్దమూలము కంటి కొకేరీతిఁ గనఁబడవలెనని యతని సిద్ధాంతము. 1914లో నతఁడు మరణించెను, శిష్యులు మిగిలిరి.

1910 నుండి దేశము జపానుపాలన క్రిందికి వచ్చియుండెను. శిష్యుల భాషాపరిషత్తు 1933లో ‘ఏకీకృతవర్ణక్రమము’ అను నియమావళిని బ్రకటించి, గురుసిద్ధాంతము నవలంబించెను. ప్రతిపక్షులు లేకపోలేదు, వినినట్లు వ్రాయువారికిఁ గూడఁ బరిషత్తు లుండెను, పత్రిక లుండెను. కాని 1934లో రచయితలు పలువురు చేరి క్రొత్త నియమావళినే యాదరింతుమని ప్రకటించిరి. పరిషత్తు దీని ననుసరించి మహానిఘంటువును గూర్చుచుండఁగా, 1942లో జపాను ప్రభుత్వము సభ్యులను నిర్బంధించి, వ్రాఁతప్రతులను సాక్ష్యముగాఁ గొనిపోయెను. యి యున్జే, హాన్ జింగ్ అను నిద్దఱు చెఱసాలలోనే మరణించిరి. ఒక దేశమున వర్ణక్రమమును బట్టి వ్రాసిన నిఘంటువు రాజద్రోహమునకు సాక్ష్యమైనదనుట వినువారికి వింతగాఁ దోఁపవచ్చును. 1945లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నా వ్రాఁతప్రతులు సియోలు రైలుస్టేషను గిడ్డంగిలో దొరకినవి. 1947లో మొదటి సంపుటము వెలువడెను.

వివాద మంతటితోఁ దీఱలేదు. దక్షిణకొరియా ప్రథమాధ్యక్షుఁడు సింగ్మన్ రీ యౌవనమున వినినట్లు వ్రాయు పద్ధతి నేర్చి, 1933 నాఁటికిఁ బరదేశమున నున్నవాఁడు. క్రొత్తవర్ణక్రమము ప్రజలకుఁ గష్టమని, దానిని విడిచి వెనుకటి పద్ధతికిఁ బోవలెనని యతని ప్రభుత్వము 1953లో నాజ్ఞాపించెను. అతని వాదమునఁ బస లేదని చెప్పరాదు; లిపిని నిర్మించిన రాజు చెప్పిన కారణము నదియే కదా. కాని యుపాధ్యాయులు, పండితులు, పత్రికలవా రేకకంఠముగా నెదిరించిరి. బాలురు అప్పటికే మూలరూపములతోఁ జదువుటకు నలవాటుపడియుండిరి. ఒక్కమాట మూఁడురూపములఁ గనఁబడుటకంటె నొకేరూపమునఁ గనఁబడుట చదువువానికి సులభమని వారి ప్రత్యుత్తరము. వ్రాయువాని సులభత్వమును జదువువాని సులభత్వమును వేఱని యంతకుముందు వాదులాడినవా రంత స్పష్టముగాఁ జెప్పియుండలేదు. 1955లో నధ్యక్షుఁడు ప్రజల యిష్టమునకు వదలితినని చెప్పి యాజ్ఞను మరల్చుకొనెను. 1957లో మహానిఘంటువు కడపటి సంపుటము, ఆఱవది, ముద్రితమయ్యెను. అందుఁ బుష్పశబ్దము తుదిని, చెవికి వినఁబడని ఛకారముతోనే యున్నది.